ఒంటిసుత్తి

ఎర్రవరద వచ్చిపోయిన మరుసటి ఏడు జరిగింది ఇది. మా పెద్దవాళ్ళకు సంవత్సరాల అంకెలు నిలవవు. ఫలానావాడు చిన్నవరదకు ముందు పుట్టాడు, ఫలానా పిల్లకు ఎర్రవరద ఏడు పెళ్ళయింది, అనుకుంటాం. ఎర్రవరదంటే ఎగువన మట్టికొండ సగం కరిగి నీళ్ళలో కలిసిన ఏడు. మూడు రోజులు ఆ బురద ఇనప వంతెనను ఒరుసుకుంటూ పారింది. వేళ్ళతో సహా చెట్లు కొట్టుకొచ్చి దూలాలకు గుద్దుకున్నాయి. వంతెన పడలేదు. కానీ మూసేశారు. బాగుచేసి తెరిచేసరికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా జనం పడవల మీద ఏరు దాటారు.

నేను ఆ వంతెన గ్యాంగులో పనివాణ్ణి. మేస్త్రీ కాక పన్నెండు మందిమి. మా పని రివెట్లు చూడడం. రివెట్టంటే ఇనప పలకల్ని కలిపి పట్టి ఉంచే లావుపాటి మేకు. రెండు వైపులా గుండ్రటి తల ఉంటుంది. తల మీద సుత్తితో కొడితే బిగువుగా ఉన్నది ఖంగుమంటుంది. వదులైనది దబ్బుమంటుంది. వదులైన దాన్ని కోసి తీసేసి, ఎర్రగా కాల్చిన కొత్తది దిగ్గొట్టాలి. అంతే. దీనికి చదువెందుకు. నేను మూడో తరగతితో మానేశాను. అయినా సంతకం పెట్టగలను. గ్యాంగులో నేను కాక సంతకం వచ్చినవాడు ఇంకొక్కడే. అతని గురించే ఇది.

మేము కొట్టే పద్ధతి ఒకటుంది. అది చెప్పాలి ముందు. పన్నెండు మందిమీ వరసగా నిలబడేవాళ్ళం. మేస్త్రీ ఈల వేయగానే అందరం ఒక్కసారే కొట్టేవాళ్ళం. ఒక అడుగు జరిగి మళ్ళీ ఈల, మళ్ళీ దెబ్బ. ఇది ఎప్పుడు మొదలైందంటే, చాలా ఏళ్ళ కిందట ఒక ముసలి మేస్త్రీ ఉండేవాడట. ఆయనకు మోకాళ్ళ నొప్పులు. వంతెన ఎక్కేవాడు కాదు. గట్టు మీద కుర్చీ వేసుకుని వినేవాడు. చప్పుడు ఒక్కటిగా వస్తే అందరూ పనిలో ఉన్నట్టు. చెదిరి వస్తే ఎవడో పక్కకు పోయి పొగ తాగుతున్నట్టు. ఆయన పోయాడు, కుర్చీ పోయింది, పద్ధతి మిగిలింది. పన్నెండు సుత్తులు ఒక్కటిగా పడితే ఏరు పొడుగునా మోగేది. వినడానికి గట్టు మీదికి జనం వచ్చి కూర్చునేవాళ్ళు. మాకు గర్వంగా ఉండేది. నిజం చెప్పాలంటే వదులు రివెట్లు మాకు సుత్తితో దొరికింది తక్కువ. చుట్టూ తుప్పు చార కారేది, దాన్ని చూసి పట్టేవాళ్ళం. ఆ సంగతి ఎవరమూ ఆలోచించలేదు.

ఆలోచించినవాడు ఒక్కడు. యాభై దాటిన మనిషి. భార్య పోయింది. చివరి క్వార్టర్లో ఒక్కడే ఉండేవాడు. తిండి దగ్గర మాతో కూర్చునేవాడు కాదు. జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉండేది. వరద తర్వాత దూలాలన్నిటికీ కొత్తగా బూడిదరంగు వేశారు. రంగు ఆరిన రోజు మేస్త్రీ ఈల వేశాడు. పదకొండు సుత్తులు పడ్డాయి. అతను సుత్తి కిందికి దించి నిలబడ్డాడు.

"ఏమైంది?" అన్నాడు మేస్త్రీ.

"తుప్పు చారలు రంగు కింద పోయాయి. ఇక చెవే దిక్కు. మనం అందరం కొట్టేవాళ్ళమే. వినేదెవరు?"

మా బావమరిది, అంటే నా భార్య తమ్ముడు, గ్యాంగులో పెద్ద నోరు వాడిదే. "నువ్వు విను స్వామీ. మేం కొడుతుంటాం. నీ చెవులకు దణ్ణం పెడతాం" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు.

అతను నవ్వలేదు, కోప్పడలేదు. ఆ రోజు నుంచి మేము తిండికి దిగాక వంతెన మీద ఒక్క సుత్తి వినబడేది. టక్. ఆగి, మళ్ళీ టక్. దబ్బుమన్న రివెట్టు మీద సుద్దతో గుర్తు పెట్టేవాడు. మధ్యాహ్నం మేస్త్రీ తన చొక్కా చేత్తోనే ఆ గుర్తు తుడిచేసేవాడు. బావమరిది అతనికి ఒంటిసుత్తి అని పేరు పెట్టాడు. ఊళ్ళో పిల్లలు కూడా అలాగే పిలిచేవాళ్ళు.

నాకూ ఒక పేరుంది. ఊఁకొట్టు. ఎవరేం చెప్పినా ఊఁ అంటానని.

మేస్త్రీ చెడ్డవాడు కాదు. మా పెద్దపిల్లకు జ్వరం వచ్చి కళ్ళు తేలేస్తే తన సైకిల్ మీద ఆసుపత్రికి తీసుకుపోయినవాడు. కానీ ఇంజనీరు తెరిచే తేదీ పెట్టేశాడు. ఆ తేదీకి కాకపోతే ఎగువ ఊరి గ్యాంగును దింపుతామన్నాడు. అంటే మా పని పోతుంది, క్వార్టర్లు పోతాయి. పన్నెండు కాపురాలు రోడ్డు మీద. మేస్త్రీ మమ్మల్ని కూర్చోబెట్టి ఇది చెప్పిన రోజు నుంచీ ఒంటిసుత్తి మీద నవ్వులు ఆగిపోయాయి. నవ్వు ఆగాకే నాకు భయం మొదలైంది.

ముందు కుళాయి దగ్గర అతని వంతు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు బిందె పెట్టేవాళ్ళు. తర్వాత అతని ఆరేసిన బట్టలు బురదలో పడ్డాయి. ఒకరోజు క్యారేజీ మూత తీస్తే అన్నం నిండా తుప్పు పొడి. అతను లేచి, ఏట్లోకి దులిపి, క్యారేజీ కడుక్కుని, సుత్తి తీసుకుని వంతెన ఎక్కాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే నా వైపు చూస్తారని.

ఆ తర్వాత మూడో రోజో నాలుగో రోజో, నీళ్ళ డబ్బా పైన మర్చిపోయి మధ్యాహ్నం మళ్ళీ వంతెన ఎక్కాను. మూడో స్తంభం పైన, నడుం ఎత్తులో, రెండు దూలాలు కలిసే అతుకు దగ్గర నిలబడి ఉన్నాడు.

"తమ్ముడూ, ఒక్క నిమిషం ఇలా రా" అన్నాడు.

వెనక్కి చూసుకున్నాను. ఎవరూ లేరు.

"నీ వేలు అవతలి తల మీద ఆనించు. నేను ఇవతల కొడతాను. చెవిని నమ్మొద్దులే. వేలిని నమ్ము."

చెయ్యి దూలం చుట్టూ తిప్పి అవతలి తల మీద వేలు పెట్టాను. అతను కొట్టాడు. వేలికి సన్నగా జుమ్మన్నది, అంతే.

"ఇది మంచిది. ఇప్పుడు దీని మీద."

పెట్టాను. కొట్టాడు. వేలి కింద ఇనుము కదిలింది. ఎంతో కాదు. చీమ తల తిప్పినంత. చెయ్యి లాక్కున్నాను.

"కదిలిందా?"

"ఊఁ."

"ఈ అతుకులో ఇరవై రెండున్నాయి. పద్నాలుగు ఇలాగే ఉన్నాయి."

"పడుతుందా అన్నా?"

"ఏమో. పది మంది నడిస్తే పడదు. వెయ్యి మంది ఒక్కసారి నడిస్తే నాకు తెలియదు. పడుతుందని నేను అనడం లేదు తమ్ముడూ. తెలియదంటున్నాను. తెలియనిదాన్ని తెలుసని ఎలా అనను?"

"నన్నెందుకు పిలిచావు?"

"నువ్వు తక్కువ మాట్లాడతావు. తక్కువ మాట్లాడేవాడికి కాస్త వినబడుతుందేమో అనుకున్నాను" అని, ఆ రివెట్టు మీద సుద్దతో గుర్తు పెట్టాడు.

నేను నీళ్ళ డబ్బా తీసుకోకుండానే దిగిపోయాను.

ఆ రాత్రి నుంచీ నా వేలు నాది కానట్టుంది. గ్లాసు పట్టుకుంటే కదిలినట్టు, తలుపు గొళ్ళెం పట్టుకుంటే కదిలినట్టు. నా భార్య ఏటికవతల సబ్బుల కార్ఖానాలో పెట్టెలు కట్టే పని చేసేది. అవతల పనిచేసే ఆడవాళ్ళు నాలుగైదు వందల మంది. వంతెన తెరిచిన పొద్దున మొదటి షిఫ్టుకు వాళ్ళంతా దాని మీదుగానే పోతారు. అందరూ ఒకేసారి.

తెరవడానికి ముందు రోజు మధ్యాహ్నం మేస్త్రీ అందర్నీ సామాన్ల షెడ్డులోకి పిలిచి తలుపు వేశాడు. బల్ల మీద ఒక కాగితం. ఒంటిసుత్తి మూలన గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఇంజనీరుకు ఉత్తరం రాశాడు వీడు" అన్నాడు మేస్త్రీ. గొంతు పెద్దది చేయలేదు. అదే భయం. "మూడో స్తంభం దగ్గర వదులుందట. మనల్ని అడగమని ఇంజనీరు నాకే పంపాడు. అడుగుతున్నా. ఎవరికైనా ఏమైనా వినబడిందా? ఒక్కొక్కరూ చెప్పండి."

"నాకు వినబళ్ళేదు."

"లేదు."

"మా ఆవిడ గురక తప్ప ఏం వినబళ్ళేదు" అన్నాడు బావమరిది. ఎవరూ నవ్వలేదు. వాడూ నవ్వలేదు. "లేదు మేస్త్రీ, లేదు" అన్నాడు వెంటనే.

పది లేదులు అయ్యాయి. పదకొండోది నాది. షెడ్డులో నూనె వాసన. రేకు మీద ఎండ చిటపటమంటోంది. నేను ఒంటిసుత్తి వైపు చూశాను. అతను నా వైపు చూడలేదు. కావాలనే చూడలేదు. బల్ల మీది సుత్తుల్ని లెక్కపెడుతున్నట్టు తల వంచుకున్నాడు. 'వీడు వేలు పెట్టి చూశాడు, వీణ్ణి అడగండి' అని ఒక్క మాట అంటే చాలు. అనలేదు.

"ఏరా ఊఁకొట్టూ, నీకు?"

"లేదు" అన్నాను.

మేస్త్రీ కాగితం నా ముందుకు జరిపాడు. "చదవక్కర్లేదు, ఇది ఇంజనీరుకు మన జవాబు. వంతెనంతా చూశాం, బాగుంది. ఇతనికి చెవులు సరిగా లేవు, మనసు కుదురుగా లేదు. అంతే ఉంది. వేలిముద్రలు ఎన్నుంటే ఏం లాభం, ఒక సంతకం ఉండాలి. నీదే పైన."

పెట్టాను. బడిలో పంతులు నేర్పినట్టు పెద్ద అక్షరాలతో, కింద గీత గీసి మరీ పెట్టాను. గట్టిగా నొక్కాను. కాగితం చిరిగింది కొంచెం.

ఒంటిసుత్తి అప్పుడు మాట్లాడబోయాడు. "నేను అడిగేది ఒక్కటే. ఒక్కసారి విడివిడిగా..."

మేస్త్రీ నోట్లో ఈల పెట్టుకుని ఊదాడు.

అందరి చేతులూ అలవాటుగా సుత్తులు అందుకుని లేచాయి. పదకొండు సుత్తులు బల్ల మీద పడ్డాయి. ఒక్కటే చప్పుడు. అతను మళ్ళీ నోరు తెరిచాడు. మళ్ళీ ఈల. మళ్ళీ దెబ్బ. రేకుల షెడ్డు, చెవులు పగిలిపోతున్నాయి. అతని పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. అందరి మొహాలూ చూశాను. ఎవరిలోనూ కోపం లేదు. పనిచేసేటప్పుడు ఎలా ఉంటారో అలాగే ఉన్నారు. నా చెయ్యి కూడా లేచి పడుతూనే ఉంది. ఆపాలనుకున్నాను. ఆగలేదు. అతను తలుపు తీసుకుని బయటికి పోయేదాకా కొట్టాం.

అతని సుత్తి మేస్త్రీ దగ్గరే ఉండిపోయింది. రేపు తెల్లారేలోగా క్వార్టరు ఖాళీ చెయ్యమన్నారు. రేపటిదాకా ఎవరూ ఆగలేదు. నేను ఇంటికి వచ్చేసరికే మంచం, ట్రంకుపెట్టె, ఒక కుర్చీ వీధిలో ఉన్నాయి. అతను మంచం మీద కూర్చుని చెప్పుల తాడు కట్టుకుంటున్నాడు. వీధిలో అన్ని తలుపులూ వేసి ఉన్నాయి. అన్ని కిటికీలూ కొంచెం తెరిచి ఉన్నాయి.

అటుగా పోవాలి, వేరే దారి లేదు. దగ్గరికి వచ్చాక నా కాళ్ళు నిలబడిపోయాయి.

"నా పేరు చెప్పలేదేం?" అన్నాను, నేలకేసి చూస్తూ.

"నీ వేలికి తెలిసింది నా నోటితో ఎలా చెప్పను?" అన్నాడు. "పో తమ్ముడూ. చూస్తున్నారు."

పోయాను. ఆ మాటలో ఎగతాళి లేదు. ఉంటే బాగుండేది.

మా ఆవిడ రేపటి చీర ఇస్త్రీ చేసి మంచం మీద పరిచింది. సంతోషంగా ఉంది.

"ఏడాదిగా ఆ పడవలో కడుపులో తిప్పి చచ్చానయ్యా. రేపు మా ఆడవాళ్ళం అందరం తాడు విప్పగానే ముందు నడుస్తాం. అవతలి గట్టు దాకా చేతులు పట్టుకుని పోవాలని అనుకున్నాం."

"రేపొక్కరోజు పడవ మీద పో."

"ఎందుకు?"

"ఊఁ."

"ఊఁ ఏంటి? ఎందుకని అడిగితే ఊఁ ఏంటయ్యా? అన్ని మాటలు దాచుకుని ఏం చేసుకుంటావు, ఊరగాయ పెడతావా?" అని నా మొహం చూసింది. గొంతు తగ్గించింది. "వంతెన బాగోలేదా?"

గోడకవతల బావమరిది దగ్గు వినబడింది. మా గోడలు పలచన. ఒక్క మాట చాలు, రేపు మా మంచం వీధిలో ఉంటుంది. మా పిల్లలు కుళాయి దగ్గర నిలబడి ఉంటారు.

"బాగుంది" అన్నాను.

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా. తమ్ముడు చెప్పాడులే, కాగితం మీద సంతకమంటూ ఉన్నది మా బావదే అని." నా భుజం మీద చెయ్యి వేసింది. సబ్బు వాసన. ఆ చెయ్యి కింద నా భుజం వణుకుతోంది. చలేస్తోందా అని దుప్పటి తెచ్చి కప్పింది.

పొద్దున తలుపు తీస్తే వీధిలో మంచం ఉంది, మనిషి లేడు. మంచం మీద సుద్దముక్క ఉంది. మర్చిపోయాడో, వదిలాడో నాకు ఇప్పటికీ తెలియదు. జేబులో వేసుకున్నాను.

గట్టు నిండా జనం. వంతెన మొదట్లో అడ్డంగా తాడు కట్టి ఉంది. తాడు వెనక కార్ఖానా ఆడవాళ్ళు. మొదటి వరసలో ఇస్త్రీ చీర. నన్ను చూసి చెయ్యి ఊపింది. ఇంజనీరు తెల్లచొక్కాతో వంతెన మీద నిలబడ్డాడు. మేము ఒక్కో స్తంభం దగ్గరా ఆఖరి దెబ్బ కొట్టాలి, ఆయన వినాలి, తాడు విప్పాలి. మొదటి స్తంభం. ఈల. దెబ్బ. గట్టు మీద చప్పట్లు. రెండో స్తంభం. ఈల. దెబ్బ. చప్పట్లు.

మూడో స్తంభం. ఆ అతుకు ముందు బావమరిది నిలబడ్డాడు.

"నీ చోటు ఇవ్వరా" అన్నాను.

"ఏంటి బావా, ఎండ తగులుతోందా?" అన్నాడు, జరిగాడు. జరిగాక నా మొహం చూశాడు. వాడి నవ్వు ఆగింది. "బావా, వద్దు" అన్నాడు మెల్లగా. అప్పుడు తెలిసింది నాకు. వాడికీ తెలుసు. ఎంతమందికి తెలుసో.

ఈల పడింది. పది సుత్తులు పడ్డాయి. నేను సుత్తి ఎత్తి పట్టుకుని నిలబడ్డాను. మోత తగ్గాక కొట్టాను.

దబ్.

మేస్త్రీ తల తిప్పాడు. ఆయన మొహం తెల్లబోయింది. మళ్ళీ ఈల. పది సుత్తులు. ఆగి, నేను. దబ్. ఇంజనీరు "ఏమిటది?" అన్నాడు. మేస్త్రీ ఈల మీద ఈల ఊదడం మొదలుపెట్టాడు. పది సుత్తులూ ఎడతెరిపి లేకుండా పడుతున్నాయి, నిన్న షెడ్డులో పడ్డట్టు. నా దెబ్బ నాకే వినబడడం లేదు. గట్టు మీద జనం అది మా విద్య అనుకుని చప్పట్లు కొడుతున్నారు. తాడు దగ్గరున్నవాడు ముడి మీద చెయ్యి వేశాడు. ఆడవాళ్ళు ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు. అరిచినా ఎవరు వింటారు.

నేను వరస వదిలి ఇంజనీరు దగ్గరికి పోయాను. పెద్దవాళ్ళను ఎన్నడూ తాకినవాణ్ణి కాదు. ఆయన చెయ్యి పట్టుకున్నాను. మెత్తటి చెయ్యి. విదిలించుకోబోయాడు. వదల్లేదు. లాక్కొచ్చి, దూలం చుట్టూ తిప్పి, ఆయన వేలు అవతలి తల మీద పెట్టి అదిమాను. ఇవతల సుత్తి ఎత్తి కొట్టాను.